మీటరు చెప్పని లెక్క

తక్కువ తిరిగిన కారుకు తక్కువ సేవ చాలునని అనుకుంటాము. అండమాన్‌లోని ఒక చిన్న కారు మాకు అందుకు విరుద్ధమైన పాఠం చెప్పింది.

బానెట్ పైకెత్తి, ఇంజన్‌లో ఆయిల్ పోసే మూతను విప్పగానే మా బావ ముఖం పాలిపోయింది. మూత లోపలి వైపున చిక్కని మీగడలాగా, పాలు కలిపిన కాఫీ రంగులో ఏదో పేరుకొని ఉన్నది.

"అయిపోయింది. హెడ్ గాస్కెట్ పోయినట్టే. నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి," అన్నాడు బావ. అక్క గుమ్మంలో నిలబడి, "ఎంత అవుతుందండీ?" అని అడిగింది. ఆయన సమాధానం చెప్పలేదు. ఇంజన్ విప్పడమంటే మాటలు కాదు. కావలసిన సామాను చెన్నై నుండో, కోల్‌కతా నుండో ఓడలో రావాలి. అది వచ్చేదాకా కారు వాకిట్లోనే ఉంటుంది.

ఇది జరిగినది లంబాలైన్‌లో. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకున్న పోర్ట్‌బ్లెయిర్ పట్టణంలో, విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న పేట అది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఓడలెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. మా అక్కావాళ్లదీ అటువంటి కుటుంబమే.

బావ ఆ కారును అంతకు ఏడాది క్రితం కొన్నాడు. బదిలీపై దేశంలోకి వెళ్లిపోతున్న ఒక ఉద్యోగి దానిని అమ్మాడు. ఎనిమిదేళ్లనాటి పెట్రోలు కారు. మీటరులో కేవలం 24,000 కిలోమీటర్లు. "ఇంత తక్కువ తిరిగిన బండి మన ఊళ్లో దొరుకుతుందా?" అని బావ మురిసిపోయాడు. డ్రైవరు తలుపు అంచున ఒక చీటీ అంటించి ఉన్నది: 20,000 వద్ద ఆయిల్ మార్చినట్లు, మళ్లీ 30,000 వద్ద మార్చవలెనని. ఇప్పుడు మీటరు 27,000. ఇంకా మూడు వేలు ఉన్నాయి గదా అని ఆయన నిశ్చింతగా ఉన్నాడు.

పక్క వీధిలో షెడ్డు నడిపే ఒక వృద్ధ మెకానిక్‌ను పిలిపించాము. ఆయన మొదట కూలెంట్ డబ్బా చూశాడు. మట్టం గీత వద్దనే ఉన్నది. డిప్‌స్టిక్ తీసి, వేళ్ల మధ్య ఆయిల్ రాచి, వాసన చూశాడు. ఆయిల్ నల్లగా ఉన్నదే గాని పాలవలె తెల్లబారలేదు. పెట్రోలు వాసన వేస్తున్నది.

"ఆఫీసు ఎంత దూరం బాబూ?"

"ఐదు కిలోమీటర్లుంటుంది."

"ఎప్పుడైనా దూరం వెళ్తుంటారా?"

"దీవిలో ఎక్కడికి వెళ్తామండీ?"

ఆయన నవ్వి మూతను గుడ్డతో తుడిచాడు. "మీ ఇంజన్‌కు జబ్బేమీ లేదు. చెమట పట్టింది. ఆరడానికి మీరు దానికి అవకాశం ఇవ్వలేదు, అంతే."

లీటరు పెట్రోలు, లీటరు నీరు

ఆ మాటలో ఉన్న రసాయనశాస్త్రం చాలా సులభమైనది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే పుట్టే నీరు లెక్కకు దాదాపు ఒక లీటరు! అందులో అత్యధిక భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా వెలుపలికి పోతుంది. కాని కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల నుండి కిందికి జారి, ఆయిల్ ఉండే అరలోకి చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి ఉంటే అక్కడి నుండి కూడా ఆవిరైపోతుంది. వేడెక్కక మునుపే ఇంజన్‌ను ఆపివేస్తే, చల్లని మూతకు, లోపలి గోడలకు చెమటలా పట్టి, ఆయిల్‌తో కలిసి మీగడ కడుతుంది.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉన్నది. ముందున్న ముల్లు ఇంజన్ వేడెక్కినట్లు చూపుతుంది. అది కూలెంట్ వేడి మాత్రమే. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటె ఎక్కువ సమయం పడుతుంది. ఐదు కిలోమీటర్ల ప్రయాణంలో, ఆయిల్ తగినంత కాగేలోపలే ఆఫీసు వచ్చేస్తుంది. సాయంత్రం మళ్లీ అదే కథ. దీనికి తోడు చల్లని ఇంజన్‌కు పెట్రోలు కొంచెం ఎక్కువ పాలులో అందుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. మెకానిక్ పసిగట్టిన వాసన అదే.

శ్రీ విజయపురంలో సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అనంతపురంలో కురిసే దానికి ఇది ఐదు రెట్లకు పైన. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ దీవులను తడుపుతాయి. గాలిలో ఎల్లప్పుడూ తేమే. అటువంటి చోట దగ్గరి ప్రయాణాలే చేసే కారులో చెమట ఆరడం మరింత కష్టం.

అయితే మూతకింద మీగడ కనిపించినప్పుడెల్లా ఇది చెమటేనని ధీమాగా ఉండరాదు. కూలెంట్ మట్టం తగ్గుతున్నా, డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలవలె ఉన్నా, ఇంజన్ అతిగా వేడెక్కుతున్నా, ఎంతసేపు నడిపినా సైలెన్సర్ నుండి తెల్లని పొగ ఆగకపోయినా, అప్పుడు బావ భయమే నిజం కావచ్చు. అటువంటి కారును నడపకుండా మెకానిక్‌కు చూపవలెను.

చీటీమీది తేదీ

బావ కారు రోజుకు పది కిలోమీటర్లు, ఏడాదికి మూడువందల రోజులు తిరుగుతుంది. అంటే సాలుకు 3,000. ఆ లెక్కన 10,000 కిలోమీటర్లు పూర్తి కావడానికి మూడేళ్లకు పైగా పడుతుంది! నేడు మన దేశంలో అమ్ముడవుతున్న అనేక పెట్రోలు కార్ల పుస్తకాలలో ఉండే వాక్యం ఇది: "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది." మనము మొదటి సగం చదివి, రెండవ సగం వదిలివేస్తాము. తలుపు చీటీ మీద కిలోమీటర్లతోపాటు తేదీ కూడా ఉన్నది. అది రెండేళ్లు దాటిన తేదీ. దానిని ఎవరూ చదవలేదు.

ఆయిల్ కేవలం జారుడు పదార్థం కాదు. మసిని ముద్ద కట్టకుండా పట్టి ఉంచే ద్రవ్యాలు, ఆమ్లాలను విరిచే క్షారాలు అందులో కలిపి ఉంటాయి. నీరు, పెట్రోలు, వేడి వీటిని క్రమంగా హరిస్తాయి. కనుక ఆయిల్ నల్లబడడం చెడిపోయిన గుర్తు కాదు. మసిని పట్టుకొని తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. అలాగే తేనె రంగులో ఉన్నంత మాత్రాన మంచిదనీ కాదు. రంగును బట్టి కాక, తేదీని, ప్రయాణపు తీరును బట్టి నిర్ణయించవలెను.

కారు పుస్తకాలలో చాలామంది తెరవని పుట మరొకటి ఉంటుంది: "కఠిన పరిస్థితులలో వాడకం." ఎడతెగని దగ్గరి ప్రయాణాలు, దుమ్ము దారులు, ఆగి ఆగి సాగే రద్దీ ఈ కోవలోకి వస్తాయి. వాటికి గడువును సగానికి తగ్గించడం పరిపాటి. దగ్గరి ఆఫీసుకు మాత్రమే తిరిగే కారు సుఖపడుతున్నదని మనం అనుకుంటాము. ఇంజన్ దృష్టిలో అదే కఠిన జీవితం.

దీనికి రెండవ వైపు కూడా ఉన్నది. రోజూ దూరప్రయాణం చేసే కొత్త కారుకు మూడువేల కిలోమీటర్లకొకసారి ఆయిల్ మార్చడం వృథా. కార్బ్యురేటర్ల కాలంలో ఆయిల్ త్వరగా పలుచబడేది. పెట్రోలులో గంధకం కూడా అధికంగా ఉండి ఆమ్లాలు పుట్టేవి. మన దేశమంతటా 2017లో బి.ఎస్. 4, 2020లో బి.ఎస్. 6 ఇంధనం వచ్చిన తరువాత పెట్రోలులో గంధకం పరిమితి పది లక్షలలో 50 పాళ్లకు, ఆపైన 10 పాళ్లకు తగ్గింది. పాత అలవాటుకు పాత కారణాలున్నాయి. ఆ కారణాలు పోయాయి గాని అలవాటు మిగిలింది.

ఆయిల్ మారిస్తే పెట్రోలు మిగులుతుందా?

బావ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కొంత మిగులుతుంది, కాని ఆశించినంత కాదు. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ వాడితే 1 నుండి 2 శాతం ఇంధనం ఆదా అవుతుందని అమెరికా ప్రభుత్వపు అంచనా. బావ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే, ఏడాదికి 200 లీటర్లు తాగుతుంది. అందులో 2 శాతమంటే నాలుగు లీటర్లు. చిన్న కారుకు ఒక్కసారి పోసే ఆయిలే సుమారు మూడు లీటర్లు. లీటరు ఆయిల్ ధర లీటరు పెట్రోలు ధరకు కొన్ని రెట్లు. కాబట్టి పెట్రోలు కోసం పదే పదే ఆయిల్ మార్చేవాడు నష్టపోతాడు. ఆయిల్ మార్చడం ఇంజన్ ఆయుష్షు కోసం.

గ్రేడు విషయంలో మాత్రం మనవారిలో ఒక భ్రమ ఉన్నది: "వేడి దేశం గదా, చిక్కని ఆయిల్ పోయండి." 0W-20 లేదా 5W-30 కోసం నిర్మించిన ఇంజన్‌లో 20W-40 పోస్తే, అది తిరిగినన్నాళ్లూ అనవసరపు ఒరిపిడిని మోయవలసి వస్తుంది. 40 డిగ్రీల వద్ద ఆయిల్, 100 డిగ్రీల వద్ద ఉండే దానికంటె ఐదు నుండి ఎనిమిది రెట్లు చిక్కగా ఉంటుంది. దగ్గరి ప్రయాణాల కారు ఎక్కువసేపు ఆ చిక్కదనంలోనే ఈదుతుంది. కనుక షెడ్డులో ఏ డబ్బా ఉన్నదని కాక, పుస్తకంలో ఏ గ్రేడు ఉన్నదని అడగండి.

పెట్రోలు నిజంగా పోయే చోట్లు

టైర్లు: గాలి ఒక పౌను తగ్గితే ఇంధనం సుమారు 0.2 శాతం అధికంగా ఖర్చవుతుంది. నాలుగు చక్రాలలోను పది పౌన్లు తగ్గితే రెండు శాతం. మంచి ఆయిల్‌తో వచ్చిన లాభమంతా అక్కడే పోతుంది! ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు వద్ద రాసి ఉంటుంది.

కాలు: పట్టణపు రద్దీలో దూకుడుగా వేగం పెంచి, గట్టిగా బ్రేకు వేసే అలవాటు మైలేజీని 10 నుండి 40 శాతం వరకు తినివేయగలదు.

చల్లని ప్రయాణాలు: పొద్దున పాలకు, పదింటికి కూరలకు, సాయంత్రం మందులకు విడివిడిగా వెళ్లే బదులు, ఒకే ప్రయాణంలో ముగించండి. ఒకసారి వేడెక్కిన ఇంజన్ మూడు పనులు చేస్తుంది. ఇంటి ముందు నిలిపి పది నిమిషాలు ఇంజన్‌ను కాచడం మాత్రం దండగ. అర నిమిషం ఆగి, నెమ్మదిగా నడుపుతూ వేడెక్కించడమే మేలు.

న్యూట్రల్: శ్రీ విజయపురపు రోడ్లు ఎత్తుపల్లాలు. దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందనుకోవడం పొరపాటు. నేటి ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండడానికి తాగుతూనే ఉంటుంది. పైగా బండిపై అదుపు తగ్గుతుంది.

పాత కారు కొనబోయేవారు

తక్కువ కిలోమీటర్లు చూసి మోసపోకండి. సర్వీసు పుస్తకంలో తేదీల మధ్య ఎంత ఎడం ఉన్నదో చూడండి. ఆయిల్ మూత విప్పి చూడండి. రాత్రంతా నిలిచి ఉన్న బండిని మీ కళ్లెదుటే స్టార్టు చేయించండి. తడి ఉదయాన కాసేపు తెల్లని ఆవిరి రావడం సహజమే. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నదని అర్థం. కొన్నవెంటనే, అమ్మినవారు ఏమి చెప్పినా సరే, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చి, ఆనాటి తేదీ నుండి మీ లెక్క మొదలుపెట్టండి.

ఆ మధ్యాహ్నం మెకానిక్ ఇంజన్‌ను విప్పలేదు. బావను ఒక గంట నడిపి రమ్మన్నాడు. వేడిగా ఉండగానే ఆయిల్ దించాడు. వేడి ఆయిల్ అడుగు మడ్డిని కూడా తనతో తీసుకుపోతుంది. కొత్త ఫిల్టర్ బిగించి, పుస్తకంలో ఉన్న గ్రేడు పోశాడు. తీసిన నల్లని ఆయిల్‌ను చూసి బావ, "కంచె గుంజలకు పూస్తే చెదలు పట్టవు," అన్నాడు. మెకానిక్ ఒప్పుకోలేదు. "ఇక్కడి వాన దాన్ని గుంజ మీద ఉంచదు బాబూ. కడిగి సముద్రంలో కలుపుతుంది," అన్నాడు. ఆయన మాట నిజం. ఒక లీటరు వాడిన ఆయిల్ పది లక్షల లీటర్ల నీటిని పాడుచేయగలదు. మన చట్టం దానిని ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తుంది. మూత ఉన్న డబ్బాలో పట్టి, అనుమతి పొందిన సేకరణదారులకు చేరే షెడ్డులో అప్పగించడమే మార్గం.

ఏడాది తరువాత నేను మళ్లీ వెళ్లినప్పుడు తలుపు మీద కొత్త చీటీ ఉన్నది. పైన పెద్ద అక్షరాలతో తేదీ, కింద చిన్నగా కిలోమీటర్లు. మధ్యలో ఆరు నెలలకు ఒకసారి ఆయిల్ మార్చినట్లు గుర్తు కూడా ఉన్నది. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం. ట్యాంకు నిండుగా పోయించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు రాసి ఉన్నాయి. మూత విప్పి చూపించాడు బావ. లోపల శుభ్రంగా ఉన్నది.

"ఇప్పుడు రెండు వారాలకొకసారి వండూరు దాకా వెళ్లి వస్తున్నాం. పాతిక కిలోమీటర్లు. దారిలో నెల సామాను కూడా తెచ్చుకుంటాం. ఇంజన్ ఆరాలి గదా," అన్నాడు గంభీరంగా.

అక్క కాఫీ అందిస్తూ నవ్వింది. "ఈ ఊరికి వచ్చి పన్నెండేళ్లయింది. వండూరు తీరం నాలుగుసార్లు కూడా చూడలేదు. మూతకింద మీగడ కట్టబట్టి చూస్తున్నాను," అన్నది.