వినడం కూడా ఆరాధనే

మసీదుకు దగ్గరలో ఇల్లున్న వారిని 'ఈ రోజు అసర్ అజాన్ విన్నారా?' అని అడిగితే చాలామంది తడుముకుంటారు. శబ్దం చెవిన పడే ఉంటుంది. కాని అది ఎప్పుడు మొదలైనదో, ఎప్పుడు ముగిసినదో జ్ఞాపకం ఉండదు. చెవిన పడడం వేరు, వినడం వేరు అనడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. ఇస్లాం ఈ భేదాన్ని ఎట్లా గుర్తించినదో, కొత్తగా సాధన మొదలుపెట్టేవారు దాన్ని ఎట్లా అభ్యసించవచ్చునో పరిశీలిద్దాం.

అరబ్బీలో 'సమ్అ' అంటే వినికిడి. అది మన ప్రయత్నం లేకుండానే జరిగిపోతుంది. 'ఇస్తిమాఅ' అంటే పూనికతో చెవియొగ్గి వినడం. 'ఇన్సాత్' అంటే వినడం కోసం మౌనం వహించడం. ఖుర్ఆన్ 7వ సూరా 204వ ఆయత్ ఈ చివరి రెండింటినీ కలిపి ఆదేశిస్తున్నది. ఖుర్ఆన్ పారాయణం జరిగేటప్పుడు శ్రద్ధగా వినాలనీ, మౌనంగా ఉండాలనీ, అట్టివారు దైవకారుణ్యాన్ని ఆశించవచ్చుననీ దాని భావం.

ఈ ఆదేశం ముఖ్యంగా నమాజుకూ, జుమా ఖుత్బాకూ వర్తిస్తుందని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయం. ఇమాం పైకి చదివే నమాజులలో హనఫీ సంప్రదాయం వారు వెనుక నిలబడి ఏమీ చదవక వింటారు. షాఫయీ సంప్రదాయం వారు ఫాతిహా సూరాను మాత్రం తమలో తాము చదువుకుంటారు. ఇక ఖుత్బా జరిగేటప్పుడు పక్కవానితో 'మాట్లాడకు' అనడం కూడా వ్యర్థమైన మాటే అవుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలుపుతున్నది. ఎదుటివాని నోరు మూయించబోయి మనమే మౌనం తప్పుతున్నాం!

వినడం చదువురాని వారికోసం ఏర్పడిన తక్కువ పని అనుకోరాదు. ఒకసారి ప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరుడైన అబ్దుల్లా బిన్ మస్ఊద్‌ను ఖుర్ఆన్ వినిపించమని కోరారు. ఎవరిపై ఖుర్ఆన్ అవతరించినదో వారికే నేను వినిపించాలా అని ఆయన ఆశ్చర్యపోయారు. ఇతరుల నోట వినడం తనకు ఇష్టమని ప్రవక్త బదులిచ్చారు. ఇబ్నె మస్ఊద్ నిసా సూరా చదువుతూ 41వ ఆయత్‌కు వచ్చేసరికి ఇక చాలునన్నారు. చూస్తే ప్రవక్త కన్నులు వర్షిస్తున్నాయి. తనకు పూర్తిగా తెలిసిన వాక్యాలనే ఆయన కొత్తగా విన్నారు.

కొత్తవారు అజాన్‌తో ప్రారంభించడం సులభం. ముఅజ్జిన్ పలికిన ఒక్కొక్క వాక్యం ముగియగానే దానినే మెల్లగా పలకాలి. నమాజుకూ సాఫల్యానికీ రమ్మని పిలిచే రెండు వాక్యాల దగ్గర మాత్రం, అల్లాహ్ తోడ్పాటు లేనిదే ఏ శక్తీ లేదనే భావం గల 'లా హౌల వలా ఖువ్వత ఇల్లా బిల్లాహ్' అనాలి. ఇది ప్రవక్త నేర్పిన పద్ధతి. అనుసరించి పలకాలంటే వినక తప్పదు. చేతిలోని పని ఆ కొద్ది నిమిషాలు ఆపితే చాలు.

తరువాతి మెట్టు పారాయణం వినడం. 'నాకు అరబ్బీ రాదు, విని ఏం లాభం?' అని సందేహించేవారు ఉన్నారు. ఏడు ఆయతులే ఉన్న మాఊన్ సూరాను (107) తీసుకోండి. ముందు దాని తెలుగు అర్థం చదవండి. అనాథను గెంటివేసేవాడు, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు, తన నమాజు పట్ల ఏమరుపాటుతో ఉండేవాడు అందులో కనిపిస్తారు. ఆ తరువాత వినండి. రెండవ ఆయత్‌లో 'యతీమ్', మూడవ దానిలో 'మిస్కీన్' అనే మాటలు వినిపిస్తాయి. యతీంఖానా అనే మాట ఎరిగిన వారికి ఆ పదం పరాయిది కాదు. ఇట్లా ఒక్కొక్క మాట పట్టు దొరుకుతుంది. రోజుకు ఒక్క సూరా, ఒక్కసారి చాలు.

మనసు మధ్యలో జారిపోతుంది. అది అందరికీ ఉన్నదే. 1111లో మరణించిన ఇమాం గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో పారాయణపు అంతరంగ నియమాలను వివరిస్తూ హృదయం హాజరై ఉండడాన్ని వాటిలో ఒకటిగా చేర్చారు. మనసు తప్పిపోయినదని తెలిసిన వెంటనే, నొచ్చుకుంటూ కూర్చోక, అప్పుడు వినిపిస్తున్న మాట దగ్గరకే దాన్ని తీసుకురావాలి.

అయితే సాధన ఇక్కడితో ముగియదు. వినకుండానే విన్నామని చెప్పుకునే వారివలె కావద్దని ఖుర్ఆన్ (8:21) హెచ్చరిస్తున్నది. మాఊన్ సూరా విని లేచిన వెంటనే, పొరుగింటివారు గిన్నె బదులడిగితే లేదనేవాడు ఏం విన్నట్లు? 'మాఊన్' అంటే అట్టి చిన్న ఇంటి వస్తువులేనని వ్యాఖ్యాతలు చెప్పారు కదా!

మదీనాలో ఖౌలా బిన్తె సఅలబా అనే స్త్రీని ఆమె భర్త తన తల్లితో పోల్చి దూరం చేశాడు. అది ఇస్లాంకు పూర్వపు దురాచారం. ఆమె ప్రవక్త వద్దకు వచ్చి మొరపెట్టుకున్నది. అదే ఇంటిలో ఒక మూలనున్న హజ్రత్ ఆయిషాకు ఆ మాటలు కొన్ని వినిపించనే లేదు. అల్లాహ్ ఆమె మొర విన్నాడని ప్రకటిస్తూ 58వ సూరా ప్రారంభమైనది. ఆ దురాచారం ఖండించబడినది.

'సమీఅ', అనగా అన్నీ వినేవాడు, అనేది అల్లాహ్ నామాలలో ఒకటి. ఆయనను ఆరాధించేవారు ఇంటిలో తక్కువ గొంతుతో మాట్లాడేవారి మాట పూర్తయ్యేవరకు వినడం నేర్చుకోవాలి. అజాన్‌తో మొదలైన అభ్యాసం నిలిచినదా లేదా అన్నది అక్కడే తేలుతుంది.