అంచులు తెలిపిన బరువు

బుధుడు సూర్యుని చుట్టును సెకనుకు 47 కిలోమీటర్ల వేగముతో తిరుగును; దూరమున నున్న నెప్ట్యూన్ వేగము 5.4 కిలోమీటర్లే. సౌరకుటుంబపు బరువు దాదాపు అంతయు సూర్యునియందే యున్నది గనుక దూరము పెరిగినకొలది ఆకర్షణ సన్నగిల్లును, గమనము మందగించును. గెలాక్సీలనబడు నక్షత్రవీథులలోను వెలుగు నడుమనే దట్టము. అందుచే వాని అంచుల తారలును మెల్లగా తిరుగవలెనని ఖగోళజ్ఞులు తలచిరి.

అమెరికాలో వీరా రూబిన్, కెంట్ ఫోర్డు అనువారు దేవయాని నక్షత్రవీథిలోని వాయుమేఘముల వర్ణపటములను పరిశీలించి, 1970లో ఫలితములను ప్రకటించిరి. అంచులయందును వేగము సెకనుకు సుమారు 200 కిలోమీటర్లకు దిగలేదు. తరువాతి రేడియో పరిశీలనలలో, తారల వెలుగు అడుగంటిన చోటికి ఆవల నున్న హైడ్రోజన్ వాయువును అదే వడితో తిరుగుచున్నట్లు తేలినది.

అంత వడిగా తిరుగునవి చెదరిపోవలేదేమి? దూరము రెట్టింపైనను వేగము తగ్గకుండవలెనన్న, లోపలి బరువును రెట్టింపు కావలెను. కనిపించు తారలు, వాయువులు అందుకు చాలవు. కానరాని పదార్థమేదో నక్షత్రవీథి నావరించి, అంచులను దాటి వ్యాపించి యుండవలెను.

దానికి కృష్ణపదార్థమను పేరు స్థిరపడినది. పేరు అంత పొసగినది కాదు. నల్లనిది వెలుగును మ్రింగును. ఇది మ్రింగదు, వెలువరింపదు. అదృశ్యపదార్థ మనుటయే మేలు.

పదార్థమును కల్పించుటకంటె సూత్రమును సవరించుట తగునని 1983లో మోర్దెహాయ్ మిల్‌గ్రోమ్ సూచించెను. అతిస్వల్ప త్వరణములయెడ న్యూటను నియమము మారునని ఆయన వాదము. అది అనేక నక్షత్రవీథులకు చక్కగా సరిపోవును. వాని గుంపులకు మాత్రము చాలదు. పెక్కుమంది అదృశ్యపదార్థమునే నమ్ముచున్నారు. దాని కణమింకను ఏ ప్రయోగశాలకును చిక్కలేదు.