జెట్ ఇంజను జాగు - సిమ్యులేటర్ నేర్పు పాఠము

ఎద్దును అదలించిన మరుక్షణమే బండి పరుగెత్తదు. కాడి బిగిసి, చక్రము తిరిగి, వేగము అందుకొనుటకు కొంత వ్యవధి పట్టును. జెట్ విమానపు ఇంజనుకును ఇట్టి జాగు కలదు. అది కొన్ని సెకనులే అయినను, నేలకు సమీపించిన విమానమునకు ఆ సెకనులే ప్రాణప్రదములు.

జెట్ ఇంజనులో కంప్రెసరు, టర్బైను చక్రములు ఇరుసుపై కలిసి తిరుగును. ఇంజను శక్తి పెరుగవలెనన్న ముందుగా ఈ బరువైన చక్రములు వేగము పుంజుకొనవలెను. పైలటు థ్రాటిల్ మీటను ఒక్కసారిగా ముందుకు త్రోసినను ఇంధనము ఒక్కసారిగా పెరుగరాదు. గాలికి మించి ఇంధనము మండినచో టర్బైను మితిమీరి వేడెక్కును. కంప్రెసరులో గాలి ప్రవాహము చెదరును. అందుచే ఇంధనమును క్రమముగా పెంచు ఏర్పాటు ఇంజనులోనే ఉండును.

ఇక ఫ్లాపులు రెక్క వెనుక అంచున నుండు పలకలు. వీనిని దించినచో తక్కువ వేగమునందును రెక్క విమానమును మోయగలదు. కాని ఎక్కువగా దించిన కొలది గాలి అడ్డగింపు మిక్కిలి పెరుగును. బోయింగ్ 727లో ఫ్లాపులను 2 నుండి 40 డిగ్రీల వరకు మెట్లుగా దించుదురు. ప్రతి మెట్టుకును మించరాని వేగము, తగ్గరాని వేగము నిర్ణయింపబడి యున్నవి. ఫ్లాపులను పూర్తిగా దించి ఇంజనులను కనిష్ఠ శక్తిలో ఉంచినచో విమానము వేగముగా క్రిందికి దిగును.

1965 నవంబరు 11న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఒక 727 విమానము రన్‌వేకు ముందే నేలను తాకినది. అందున్న 91 మందిలో 43 మంది మరణించిరి. విమానము నిమిషమునకు సుమారు 2,300 అడుగుల చొప్పున దిగినదనియు, దానిని సకాలములో అరికట్టలేదనియు విచారణలో తేలినది.

మీట త్రోసిన 8 సెకనులలో ఇంజను ఇచ్చు శక్తితోనే విమానము తిరిగి పైకి లేవగలుగవలెనని అమెరికా నిబంధన. నిమిషమునకు 750 అడుగుల చొప్పున దిగు విమానము 8 సెకనులలో 100 అడుగులు దిగును. 2,300 అడుగుల చొప్పున దిగునది అదే వ్యవధిలో 300 అడుగులకు పైగా దిగును.

పైలటులకు శిక్షణ నిచ్చు సిమ్యులేటర్ ఈ జాగును ఉన్నది ఉన్నట్లు చూపవలెను. మీట త్రోయగానే శక్తి వచ్చినట్లు చూపినచో, చివరి క్షణమున మీట కాపాడునను తప్పుడు అలవాటు పైలటుకు అబ్బును. కావుననే సిమ్యులేటర్‌ను ఆమోదించుటకు ముందు, ఇంజను వేగము పుంజుకొను కాలమును, ఫ్లాపులు మారునపుడు విమానపు నడతను నిజమైన విమానముపై సేకరించిన కొలతలతో పోల్చి చూతురు. వేగము తగ్గిన కొలది ఫ్లాపులను మెట్లుగా దించుట, దిగునపుడు ఇంజనులలో కొంత శక్తి నిలుపుట, దిగుట అదుపు తప్పినచో ఆలస్యము చేయక తిరిగి పైకి పోవుట పైలటులు అందులో అభ్యసింతురు.

నిమిషమునకు 1,500 అడుగుల చొప్పున దిగు విమానము 8 సెకనులలో ఎన్ని అడుగులు దిగునో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.