అలిఫ్ నేర్పండి.. అర్థం తెలుగులో చెప్పండి!

పోయిన రంజాన్‌కి హైదరాబాద్ నుంచి అక్కావాళ్లూ, నేనూ మోపిదేవి వెళ్లాం. నాలుగేళ్ల మేనకోడలు ‘మామయ్యా, విను’ అంటూ ఫాతిహా సూరాలోని 7 ఆయత్‌లూ గడగడా అప్పజెప్పేసింది. ముచ్చటేసి ‘అంటే ఏంటమ్మా?’ అనడిగా. ‘ఏమో, మేడమ్ చెప్పలేదు’ అంది. అందరం నవ్వేశాం. కానీ నాకెక్కడో గుచ్చుకుంది. చిన్నప్పుడు నేనూ అంతే!

బడికి ముందు గంటసేపు మక్తబ్. చాప మీద కూర్చుని, ఖాయిదా ముందేసుకుని అలిఫ్, బా, తా చదవాలి. తప్పు చదివితే బెత్తం దెబ్బ. అలా సూరాలు నోటికొచ్చాయి. అర్థం మాత్రం బీటెక్‌లో తెలుగు అనువాదం కొనుక్కున్నాకే తెలిసింది.

మేనకోడలు వెళ్లే ఇస్లామిక్ ప్రీస్కూల్లో బెత్తం లేదు. రంగురంగుల అరబీ అక్షరాలు, పాటలు, తినేముందు బిస్మిల్లా, తుమ్మితే అల్‌హమ్దులిల్లా. సంతోషమే. కానీ చెప్పేదంతా ఇంగ్లిష్, ఉర్దూల్లోనే. మాలాంటి ఎన్నో నూర్‌బాషా ఇళ్లలో మాట్లాడేది తెలుగు!

నమాజులో చదివేది అరబీలోనే, దాన్నెవరూ మార్చమనట్లేదు. అర్థం చెప్పడానికి అడ్డేంటి? చిలుకూరి నారాయణరావుగారు స్వాతంత్య్రం రాకముందే ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే పాఠం చెప్పమంది.

మా ఊరి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాభ్యాసం చేయిస్తారు. మనవాళ్లలోనూ నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకి బిస్మిల్లా చదివించే ఆనవాయితీ ఉంది. ఎక్కడైనా మొదటి అక్షరం నేర్పేది ఒళ్లో కూర్చోబెట్టుకునే. అలాంటప్పుడు ఆ ఒడి భాషని గుమ్మం బయటే వదిలేయడం ఎందుకు?

అందుకే ఒక్కో ఆయత్ అర్థం తేలిక తెలుగులో రాసి, అమ్మతో చదివించి, ఫోన్లో రికార్డు చేసి అక్కకి పంపా. వారం తర్వాత మేనకోడలు వీడియో కాల్ చేసింది. ‘మామయ్యా, అల్లాని సాయం అడగడమంటే.. చెప్పులు తొడగమని నేను అమ్మనడుగుతానే, అలాగా?’

అలాగే తల్లీ.

మీ పిల్లల్నీ చేర్పిస్తున్నారా? ఫీజుతో పాటు ఇంకో రెండు అడగండి: తప్పు చదివితే ఏం చేస్తారు? అర్థం ఏ భాషలో చెప్తారు?