మీకు తెలుసా? ఉప్పునీటి తొట్టికి ఎంత వెలుగు చాలు?

★ సముద్రపు చేపలను మాత్రమే పెంచే పెద్ద తొట్టికి కళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లు అక్కర్లేదు. అంత వెలుగు కావలసింది పగడపు జీవులకు. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుగుతోనే ఆహారం తయారుచేసి వాటిని పోషిస్తుంది. చేపల కడుపు మాత్రం మనం వేసే మేతతో నిండుతుంది. వాటికి లైటు పగలేదో రాత్రేదో తెలిపితే చాలు.

★ పగడాల దిబ్బలు కట్టే జీవులను మన ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. వాటిని సముద్రంలోంచి తీయడం నేరం. అందుకే మన ఇళ్లకు చేపల తొట్టే తగినది.

★ పల్నాడులో లైటు కొనేముందు చూడాల్సింది వేడి. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే. సముద్రపు చేపలకు నీరు 24–27 డిగ్రీల మధ్య ఉంటే హాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పునీటిలో అది అసలే తక్కువ. పాత మెటల్ హాలైడ్ దీపాలు ఆ వేడిని ఇంకా పెంచుతాయి. ఎల్‌ఈడీలతో ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

★ 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు రెండు, రోజుకు 8 గంటల చొప్పున వెలిగితే నెలకు 120 యూనిట్లు కాలతాయి. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతున్న తొట్టిలో సుమారు 680 లీటర్ల నీరు పడుతుంది. అందులో చేపలు చక్కగా కనపడటానికి 60 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. అదీ రోజుకు 8 గంటలే వెలిగితే నెలకు 15 యూనిట్లు కూడా దాటదు.

★ సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపు. నీలం చాలా లోతుదాకా దిగుతుంది. తొట్టిలో నీలం లైటు ఒక్కటే పెడితే ఎర్ర చేపలు నల్లబడినట్టు కనిపిస్తాయి. 6500 నుంచి 10000 కెల్విన్ల తెల్లని వెలుగుకు కాస్త నీలం కలిపితే అన్ని రంగులూ నిండుగా తేలతాయి.

★ చాలా చేపలకు కనురెప్పలు ఉండవు. చీకట్లో ఒక్కసారిగా లైటు వేస్తే బెదిరి అద్దానికి గుద్దుకుంటాయి. ముందు గదిలో లైటు వేసి, కాసేపాగి తొట్టి లైటు వేయాలి. ఆర్పేటప్పుడు ముందు తొట్టి లైటు, తర్వాత గది లైటు. చీకటి పడ్డాక ఎల్లో టాంగ్ చేప పసుపు వెలిసిపోయి, ఒంటిమీద గోధుమరంగు మచ్చ, తెల్లని చార తేలతాయి. రాస్ జాతి చేపలు కొన్ని ఇసుకలో దూరి పడుకుంటాయి. కాబట్టి రాత్రంతా లైటు ఉంచకూడదు.

★ విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని వంటి ప్రదర్శనశాలలను చూసినవారికి తెలిసే ఉంటుంది. చూసేవాళ్లు నిలబడే చోట వెలుగు తక్కువగా ఉంటే, తొట్టిలో ఓ మోస్తరు లైటుకే చేపలు మెరుస్తాయి. అద్దంలో మన నీడా కనపడదు.

★ పైమూత అద్దంమీద చిందిన ఉప్పునీరు ఆరి తెల్లటి పొరలా పేరుకుంటుంది. దానితో వెలుగు తగ్గుతుంది. కొత్త లైటు కొనేముందు ఆ అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి చూడండి.

★ లైటు రోజుకు 8–10 గంటలు చాలు. టైమరు పెడితే వేళ తప్పదు. అంతకు మించితే, కిటికీ ఎండ కూడా తోడైతే, అద్దాలకు పాచి పడుతుంది. లైటుమీద మిగిలిన డబ్బును మంచి ఫిల్టరుకు, నీటిని చల్లబరిచే చిల్లరుకు పెట్టండి. పల్నాడు వేసవిలో చేపల ప్రాణం నిలిపేవి అవే.