ఫ్లషింగ్: సరిహద్దుకూ ప్రాతినిధ్యానికీ మధ్య పదేళ్లు

న్యూయార్క్ నగర మండలిలోని 20వ నియోజకవర్గానికి క్వీన్స్ ప్రాంతపు ఫ్లషింగ్ కేంద్రం. 7వ నంబరు సబ్‌వే మార్గం తూర్పున ఇక్కడే ముగుస్తుంది. మెయిన్ స్ట్రీట్ పరిసరాలలో చైనా, కొరియాల నుండి వలస వచ్చిన కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. 1991లో మండలి స్థానాలను 35 నుండి 51కి పెంచడంలో అల్పసంఖ్యాక వర్గాలకు ప్రాతినిధ్యం కల్పించడం ఒక ముఖ్యోద్దేశం. అయినప్పటికీ ఇక్కడ జూలియా హారిసన్ 2001 వరకు సభ్యురాలిగా కొనసాగారు. 1997లో ఆమెపై పోటీచేసిన జాన్ లియూ ఓడిపోయారు. 1993లో ఓటర్లు ఆమోదించిన పదవీకాల పరిమితి కారణంగా 2001లో ఆమె తప్పుకోవలసి వచ్చింది. ఆ ఎన్నికలో లియూ గెలిచి, మండలిలో తొలి ఆసియా అమెరికన్ సభ్యుడయ్యారు. అనంతరం పీటర్ కూ, శాండ్రా ఉంగ్ ఎన్నికయ్యారు. సరిహద్దుల పునర్విభజన అవకాశాన్ని కల్పించగా, స్థానం ఖాళీ కావడం ఆ అవకాశాన్ని ఫలవంతం చేసిందని ఈ చరిత్ర సూచిస్తున్నది.