ఇంజిన్ ఊపిరి పైపుకి నీళ్ల పైపు ముక్క వేయించొద్దు!

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు టైర్లు చూస్తాం, బ్యాటరీ చూస్తాం, ఏసీ చల్లగా వస్తోందో లేదో చూస్తాం. బానెట్ ఎత్తితే ఇంజిన్ పైన, ట్యాపెట్ కవర్ నుంచి ఇన్‌టేక్ వైపు వంపు తిరిగి వెళ్లే వేలంత నల్ల రబ్బరు పైపుని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది చీలితే ఐడ్లింగ్‌లో బండి వణుకుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. అప్పుడు కొన్ని షెడ్లలో ఏం చేస్తారంటే, చేతికందిన రేడియేటర్ పైపు ముక్క కోసి, క్లిప్పు బిగించి పంపించేస్తారు. సైజు సరిపోయింది కదా అని మనమూ వచ్చేస్తాం. కానీ పైపుని ఎంచుకోవాల్సింది సైజు ఒక్కటే చూసి కాదు. లోపల ఏం వెళ్తోందో కూడా చూడాలి.

లోపల వెళ్లేది ఏంటి?

సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు కొంత గ్యాస్ పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలోకి దిగిపోతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది ఎంతో కొంత ఉంటుంది. దాంట్లో కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి ఉంటాయి. ఆయిల్ తుంపర్లూ తోడవుతాయి. ఒకప్పుడు దీన్ని ఓ గొట్టంతో రోడ్డు మీదికి వదిలేసేవారు. గాలి పాడవుతోందని, 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే అమెరికన్ కార్లలో ఆ గ్యాస్‌ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చేసే ఏర్పాటు పెట్టారు. అదే పీసీవీ. ఇప్పుడు మన బీఎస్6 కార్లలోనూ ఆ గ్యాస్ బయటికి పోకూడదు. అందుకే ‘పైపు పీకి కిందికి వదిలేద్దాం సార్’ అంటే ఒప్పుకోకండి.

ఏ రబ్బరు తీసుకోవాలి?

రేడియేటర్ పైపులు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. వేడినీళ్లకి, కూలెంట్‌కి అది భేషుగ్గా ఆగుతుంది. ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బి, మెత్తబడిపోతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ వైపు వెళ్లే పైపుని ఇంజిన్ గట్టిగా పీలుస్తుంటుంది. మెత్తబడిన పైపు ఆ పీల్పుకి జ్యూస్ స్ట్రాలా నొక్కుకుపోతుంది. దారి మూసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ లీకవుతుంది. క్రాంక్ వెనక సీలు పోయిందనుకోండి, దాన్ని మార్చడానికి చాలా కార్లలో గేర్‌బాక్స్ దించాలి. చిన్న పైపు దగ్గర మిగిల్చిన డబ్బు ఆ ఒక్క పనికే ఎగిరిపోతుంది.

రంగురంగుల సిలికాన్ పైపులు ఫొటోల్లో బాగుంటాయి. వేడికీ ఆగుతాయి. కానీ మామూలు సిలికాన్ ఆయిల్‌కి మెత్తబడుతుంది, పైన చెమట పట్టినట్టు ఆయిల్ ఊరుతుంది. సిలికానే కావాలంటే లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నదే అడగండి.

సరైన ఎంపిక నైట్రైల్ రబ్బరు. దీన్నే ఎన్‌బీఆర్ అంటారు. ఆయిల్‌కీ, పెట్రోలు ఆవిరికీ తట్టుకుంటుంది. సుమారు 100 డిగ్రీల వరకు ఫర్వాలేదు. పైపు మీద ‘ఎస్ఏఈ జే30 ఆర్7’ అని అచ్చు ఉందేమో చూడండి. ఆ రకం పైపుని పెట్రోలుకీ, ఈ పీసీవీ లైన్లకీ వాడతారు. ఎగ్జాస్ట్‌కి దగ్గరగా, ఇంకా ఎక్కువ వేడి తగిలేచోట అయితే లోపల ఎఫ్‌కేఎం పొర ఉన్నది మేలు. ధర ఎక్కువే, కానీ దాదాపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

కొనేముందు ఇవి చూడండి

* లోపలి కొలత: పాత పైపుని షాపుకి పట్టుకెళ్లండి. వదులైతే లెక్కలోకి రాని గాలి దూరుతుంది. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో స్కానర్ పెడితే ‘పీ0171’ లాంటి కోడ్ కనిపించొచ్చు. మరీ బిగుతైతే పైపు చివర చీలుతుంది.

* వంపు: నిటారు పైపుని బలవంతంగా వంచితే మడత పడి దారి మూసుకుంటుంది. వంపులున్న చోట అచ్చులో పోసిన కంపెనీ పైపే తీసుకోండి.

* గోడ: పీల్పు ఉండే వైపు లోపల దారం అల్లిక ఉన్న పైపు వేయాలి. పల్చటి వ్యాక్యూమ్ ట్యూబ్ ఆగదు.

* క్లిప్పు: కంపెనీ స్ప్రింగ్ క్లిప్పు బాగుంటే అదే వాడండి. స్క్రూ క్లిప్పుని అతిగా బిగిస్తే రబ్బరు తెగుతుంది.

* టర్బో కార్లు: వీటిలో ఒక్కోసారి ప్రెషర్ ఎదురు తిరుగుతుంది. అందుకే చెక్ వాల్వ్ ఉంటుంది. అది పైపులోనే కలిసి ఉంటే మామూలు ముక్కతో సరిపెట్టకండి.

ఇంట్లోనే చెక్ చేయొచ్చు

ఇంజిన్ చల్లారాక పైపుని వేళ్లతో నొక్కండి. పెళుసుగా ఉన్నా, జిగురుగా ఉన్నా, ఉబ్బినట్టు అనిపించినా మార్చే టైమ్ వచ్చినట్టే. చివర్లు, వంపుల కింది భాగం తప్పకుండా చూడండి. చీలికలు ఎక్కువగా అక్కడే వస్తాయి. పైపు మారుస్తున్నప్పుడే పీసీవీ వాల్వ్ కూడా చూపించండి. అది బిగుసుకుపోతే కొత్త పైపు వేసినా ఫలితం ఉండదు.

ఇక షాపులో అడిగేటప్పుడు ‘బ్రీదర్ పైపు ఇవ్వండి’ అని ఊరుకోకండి. ‘ఆయిల్ ఆవిరికి ఆగేది, నైట్రైల్ది ఇవ్వండి’ అని అడగండి. మీద అచ్చు చూశాకే డబ్బులివ్వండి.